అమ్మ కాజా మడత, అత్తయ్య క్యారేజీ

మా చిన్నప్పుడు బందరు చిలకలపూడిలో మాకు తెలిసి ఓవెన్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు... మా వీధి చివర మస్తాన్ మావయ్య బేకరీలో మాత్రం పెద్ద ఇటుకల భట్టీ ఉండేది. పొద్దున్నే రొట్టెలు తీసేశాక కూడా దాని పొట్టలో వేడి మధ్యాహ్నం దాకా నిలిచేది.

ఆ వేడి మీద మా అమ్మ కన్నుపడింది... దానికి కారణం గుడివాడ అత్తయ్య.

అత్తయ్య అంటే నాన్నకి అక్క. అప్పుడప్పుడూ ఆదివారం పాసింజరు బండిలో బందరు వచ్చేది. తన భోజనం తనే క్యారేజీలో తెచ్చుకునేది. "నాది పైత్యపు ఒళ్లే శేషూ, అందరి చేతి వంటా పడదు" అనేది అమ్మతో. గుడివాడలో ప్రతి పెళ్లిభోజనమూ ఆవిడకి పడేది... మా అమ్మ చేతి వంటే పడేది కాదు.

 అయినా ఆ క్యారేజీ గిన్నెలు అమ్మే తోమి, తుడిచి ఇచ్చేది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. కొత్త మాట దొరికితే చాలు, బెల్లంముక్కలా రోజంతా చప్పరిస్తూ తిరిగేదాన్ని. మా టీచరుగారిచ్చిన పాత ఇంగ్లీషు పత్రికలో 'బ్రంచ్' అనే మాట దొరికింది. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కలిపి, సెలవురోజున తీరిగ్గా తినడమట! పక్కనే బొమ్మ... గిన్నెలో కోడిగుడ్లూ బంగాళాదుంపలూ, పైన పొరలు పొరలుగా పొంగిన పిండిమూత.

తెలుగు చేసి అమ్మకి చదివి వినిపించాను. 'పఫ్ పేస్ట్రీ' దగ్గర ఆగిపోయాను. నా నిఘంటువులో లేదు మరి. "పిండి పల్చగా వత్తి, వెన్న రాసి, మడిచి, మళ్లీ వత్తి, మళ్లీ మడిచి..." అని చదువుతుంటే అమ్మ నవ్వేసింది.

"ఓసి పిచ్చిమొహమా... అది మన కాజా మడతేనే!"

"బంగారు రంగు వచ్చేదాకా కాల్చాలి" అని చదివాను. రోల్డుగోల్డు గాజులు చేస్తున్న నాన్న పనిలోంచి తలెత్తి, "ఏ బంగారమే? మెరుగు పెట్టకముందుదా, పెట్టిన తర్వాతదా?" అన్నాడు.

అత్తయ్య వస్తానన్న ఆదివారం అమ్మ చీకటితోనే లేచింది. మైదాపిండి కలిపి, వెన్న బదులు డాల్డా రాసి, బియ్యప్పిండి చల్లి, మడతల మీద మడతలు వేసింది. సత్తుగిన్నెలో ఉడికించిన దుంపలు, వేయించిన ఉల్లిపాయలు, గిలక్కొట్టిన గుడ్లు... పైన ఆ పిండిరేకు దుప్పటిలా కప్పి అంచులు నొక్కింది.

మస్తాన్ మావయ్య గిన్నె అందుకుని వింతగా చూశాడు. "ఏందమ్మా చెల్లెమ్మా... ఇది టిఫినా, కూరా?"

"కాలాక తెలుస్తుందిలే అన్నయ్యా" అంది అమ్మ.

కాలింది. మూత జానెడెత్తు పొంగింది! నాన్న చూసి, "మెరుగు పెట్టాక రంగే" అని తీర్పు చెప్పాడు. గిన్నె వంటింట్లో దింపి, అత్తయ్యకి కాళ్లు కడుక్కోను నీళ్లివ్వడానికి అమ్మా నేనూ వీధి గుమ్మంలోకి పరుగెత్తాం.

తిరిగొచ్చేసరికి... నాయనమ్మ చేతిలో గరిటె. గిన్నెమీద పాకం!

"కాజాలకి పాకం పట్టకుండా పోయావేమిటే? మరిచిపోయావేమోనని, నువ్వు భట్టీకి వెళ్లినప్పుడే నేను పాకం పట్టి ఉంచి పోశా" అంది నాయనమ్మ, ఎంతో సాయం చేసినదానిలా.

లోపల కోడిగుడ్డు, ఉల్లిపాయ... పైన బెల్లప్పాకం. నాకు ఏడుపొచ్చేసింది. వసారాలో అత్తయ్య క్యారేజీ కొక్కెం తీస్తున్న చప్పుడు వినబడుతోంది.

అమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.  గబగబా నిమ్మకాయ కోసి పైన పిండింది. మిరియాలు దంచి చల్లింది. కొంగు బిగించి, గిన్నె ఎత్తుకుని, తల పైకెత్తి నడిచింది.

"ముందు ఇది రుచి చూడండి వదినగారూ. ఇది ఇలాగే తినాలండీ" అంది.

"దీన్నేమంటారే?" అంది అత్తయ్య అనుమానంగా.

అమ్మ నావైపు చూసింది. నాకు తోచింది అనేశాను. "టిఫోజనం, అత్తయ్యా! టిఫినూ భోజనమూ కలిపి..."

"టైఫాయిడ్‌లా ఉందే పేరు!" అంటూనే ఓ ముక్క నోట్లో పెట్టుకుంది.

పెళపెళలాడే పొర... దాని తీపి, వెంటనే నిమ్మ పులుపు, కిందనించి మిరియాల ఘాటు.  అత్తయ్య రెండో ముక్క తింది. తర్వాత గిన్నె అంచుకి అంటుకుని గట్టిపడిన పాకాన్ని గోటితో గీకి మరీ తింది! తన క్యారేజీని మావైపు తోసి, "ఈ పెరుగన్నం మీరు తినెయ్యండర్రా" అంది.

సాయంత్రం బండికి బయల్దేరుతూ, ఎవరూ వినకుండా అడిగాననుకుంది కానీ నేను విన్నాను... "మడతల్లో ఏం రాశావే శేషూ? నెయ్యేనా?"

"నెయ్యేనండీ వదినగారూ" అంది మా అమ్మ, రెప్ప వెయ్యకుండా.

ఇన్నేళ్లయినా ఆ ముఖం నా కళ్లముందే ఉంది. ఎవరినీ నొప్పించకుండా, ఒక్క మాట తూలకుండా గెలిచిన మనిషి ముఖం... ఆ అమ్మకి కూతుర్నని ఈ రోజుకీ గర్వమే.

ఇప్పుడు పిండిరేకులు దుకాణంలో పెట్టెలో దొరుకుతున్నాయి. వేడెంతో, సేపెంతో మీట తిప్పితే ఓవెనే చూసుకుంటోంది. నా వంటలో తప్పు జరగడంలేదు... తప్పు జరిగితే దాన్ని రుచిగా మార్చే ఆ చెయ్యే లేదు.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, చెడిపోయిందనుకున్నాక మీ అమ్మ గెలిపించిన వంట ఒకటి... దాని పేరేమిటో చెప్పరూ?