బీప్ తీసేశాక ఆగిన డబ్బా

కరోనాకి ముందు ఏడాది. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద మా చిన్న కంపెనీ. రొయ్యల చెరువులకి కంట్రోలర్లు చేసేవాళ్ళం. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే సెన్సర్‌తో కనిపెట్టి, నీళ్ళు చిలికే ఏరేటర్లని ఆన్ చేసే డబ్బా అన్నమాట. అందులో ప్రోగ్రామంతా నాది. ఆ రోజుల్లో నాకు కాస్త పొగరుండేది, ఒప్పుకుంటాను.

సుబ్బరాజు గారి చెరువు మీద డబ్బా రెండు నెలలు చక్కగా పనిచేసింది. తర్వాత ఒకే వారంలో మూడుసార్లు బిగుసుకుపోయింది. మూడోసారి ఆయన పరుగున వచ్చి చేత్తో స్విచ్ వెయ్యకపోతే రొయ్యలన్నీ పోయేవి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికింకా పది రోజులుంది.

"నేను ఆ బీప్ తీయించాను చూడండి, అప్పట్నుంచేనండి," అన్నారు ఫోన్‌లో.

సెన్సర్ జవాబిచ్చేదాకా డబ్బా సన్నగా బీప్ కొట్టేది. షెడ్డులో మధ్యాహ్నం కునుకు తీసే వాళ్ళమ్మగారికి చిరాకని ఆయనే తీయించారు.

"బీప్‌కీ దీనికీ సంబంధం లేదండి," అన్నాను.

"ఆయ్, చదువుకున్నవారు, మీకే తెలుస్తుంది," అని ఊరుకున్నారు.

ఆఫీసులో రెండు రోజులు నడిపి చూశాను. ఒక్కసారీ ఆగలేదు. వైర్లు మార్చాను, కరెంటుని తిట్టాను. మూడో రోజు చెరువు దగ్గరికెళ్ళి, మొహం మాడ్చుకునే బీప్ తిరిగి పెట్టాను. ఆ పూటంతా ఆగలేదు. తీశాను. రాత్రి భోజనాల వేళకి ఆగింది.

గట్టు మీదే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వెతికాను. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. వేగం కోసం, తనకి దండగనిపించిన పనులు తీసేస్తుంది. అది ఆప్టిమైజేషన్. ఆఫీసులో పరీక్షలకి దాన్ని ఆపి ఉంచేవాళ్ళం, చెరువుకి పంపేటప్పుడే ఆన్ చేసేవాళ్ళం. సెన్సర్ జవాబొచ్చిందా అని మళ్ళీ మళ్ళీ చూడమని నేను రాశాను. ఈ ప్రోగ్రామ్‌లో ఆ జవాబుని మార్చేదేదీ లేదు కదా అని కంపైలర్ ఒక్కసారే చూడమంది. పాచి పట్టిన సెన్సర్ ఆలస్యం చేసిన రోజున డబ్బా మళ్ళీ చూడకుండానే జవాబు కోసం అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. మధ్యలో బీప్ ఉన్నన్నాళ్ళూ, అది వేరే పని కాబట్టి, ఆ లోపల జవాబు మారి ఉండొచ్చని, అదయ్యాక మళ్ళీ చూసేది. ప్రతిసారీ చూడాల్సిందే అని చెప్పడానికి వోలటైల్ అని ఒక్క మాట ఉంది. అది నేను రాయలేదు. గట్టు మీదే దాన్ని చేర్చి ప్రోగ్రామ్ మళ్ళీ ఎక్కించాను.

"తప్పు నాదండి. మీరు చెప్పిందే నిజం," అన్నాను.

ఆయన గట్టు మీద కూలబడ్డారు. "అయితే మా అమ్మ నిద్ర కోసం నా పంట నేనే చెడగొట్టుకోలేదన్నమాట. వారం నుంచి ముద్ద దిగట్లేదండి." నాకు చాలా సిగ్గేసింది. నేను వినకుండా కొట్టిపారేసిన మాటని ఆయన అన్నాళ్ళూ ఒంటరిగా మోశారు.

ఇప్పటికీ "అది మార్చాకే ఇలా అవుతోందండి" అని ఎవరన్నా అంటే ముందు అదే రాసుకుంటాను. సంబంధం లేదనే మాట ఆ గట్టు మీదే మానేశాను.

పట్టుబడి ముందురోజు చూడ్డానికి వెళ్ళాను. ఏరేటర్లన్నీ హోరుమని తిరుగుతున్నాయి. బీప్ లేదు. ఆ హోరులోనే అమ్మగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. సుబ్బరాజు గారు నన్ను చూసి, లేపకండన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకున్నారు.