ఐస్ హాకీ ఆటగాడికి నేను నేర్పిన ఇంగ్లీషు

మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చిన మొదటి శీతాకాలం నాకు చేతినిండా ఖాళీ. మా వారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. విజయవాడలో నాలుగేళ్ళు డిగ్రీ కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని మంచు తోసే ట్రక్కులు లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు పబ్లిక్ లైబ్రరీలో నోటీసు కనబడింది. దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పే వాలంటీర్లు కావాలట. జీతం లేని పని కాబట్టి వీసాతో పేచీ లేదు. వెంటనే పేరిచ్చాను.

నాకు అప్పగించిన విద్యార్థిని చూసి కొంచెం జంకాను. ఆరడుగులు దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుంటాయి. ఎడమ కంటి కింద కమిలిపోయి ఉంది. ముందు పళ్ళు రెండు లేవు. స్లొవాకియా నుంచి వచ్చాడనీ, ఇక్కడి చిన్న లీగ్ టీమ్‌లో హాకీ ఆడతాడనీ లైబ్రరీ ఆవిడ చెప్పింది. హాకీ అంటే నాకు తెలిసింది మన మైదానాల్లో ఆడేదే. మట్టిలో ఆడే ఆటకి ఇన్ని దెబ్బలేమిటని అడిగాను. అతను నోట్‌బుక్‌లో బొమ్మ గీశాడు. మంచు పరిచిన నేల, రెండు వైపులా వలలు, మధ్యలో నల్ల రబ్బరు బిళ్ళ. ఆ బిళ్ళ తమ వల వైపు దూసుకొస్తుంటే అడ్డం పడటమే తన పని అని సైగలతో చెప్పాడు. పళ్ళు పోయింది ఆ పనిలోనే.

అతని ఇంగ్లీషు చిత్రంగా ఉండేది. నిన్న ఏం చేశావంటే నాలుగు మాటలు కూడబలుక్కునేవాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో పట్టుబడిన బూతులు మాత్రం ధారాళంగా వచ్చేవి. అవి బూతులని అతనికి సరిగ్గా తెలియదు. ఒకసారి సూప్ చాలా బాగుందని చెప్పడానికి అతను వాడిన మాట విని, పక్క టేబుల్ దగ్గర పేపర్ చదువుకుంటున్న పెద్దాయన పేపర్ దించి మా వైపు చూశాడు. ఆ వారం నేను నేర్పించింది తక్కువ, మాన్పించింది ఎక్కువ.

అతనికి అన్నిటికన్నా పెద్ద బెంగ కోచ్‌తో మాట్లాడటం. అర్థం కాకపోయినా తల ఊపేసేవాడు. "మొహమాటపడకు, అడుగు. 'ఐ హ్యావ్ ఎ డౌట్, కోచ్' అని మొదలుపెట్టు" అని నేర్పాను. మా కాలేజీలో చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ అనే మాటే. అతను పదిసార్లు వల్లించి మరీ వెళ్ళాడు.

మరుసటి మంగళవారం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"టీచర్, శనివారం గేమ్‌లో నన్ను కూర్చోబెట్టేశారు."

"ఎందుకని?"

"కోచ్ బోర్డు మీద కొత్త ప్లాన్ గీశాడు. నేను లేచి, ఐ హ్యావ్ ఎ డౌట్ అన్నాను. నువ్వు నన్ను డౌట్ చేస్తున్నావా అన్నాడు. యెస్ కోచ్, బిగ్ డౌట్ అన్నాను."

లైబ్రరీ ఆవిడ నవ్వు ఆపుకుంటూ విషయం విప్పి చెప్పింది. ఇక్కడ డౌట్ అంటే ప్రశ్న కాదు, అపనమ్మకం. అందరి ముందూ లేచి, నీ ప్లాన్ మీద నాకు నమ్మకం లేదు అన్నాడన్నమాట పాపం. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ నేను ఏ దేశపు ఇంగ్లీషు చెబుతున్నట్టు?

ఆ శనివారం పొద్దున మా వారిని వెంటబెట్టుకుని ప్రాక్టీస్ జరిగే చోటికి వెళ్ళాను.

"నీ డౌట్ తీర్చడానికి నేనెందుకు?" అన్నారు దారిలో.

"నాకు లైసెన్స్ లేదు కదండీ."

లోపల ఫ్రిజ్‌లో కూర్చున్నట్టు ఉంది. కోచ్ పొట్టి మనిషి, చూయింగ్ గమ్ నములుతూ నిలబడ్డాడు. నేనెవరో చెప్పి, మా దేశంలో డౌట్ అంటే ఏమిటో వివరించి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన నమలడం ఆపాడు.

"అంటే కుర్రాడికి నిజంగానే అర్థం కాలేదా?"

"అవును సార్."

"ఏది అర్థం కాలేదట?"

నేను చెయ్యి ఊపితే అతను జారుకుంటూ వచ్చి ఆగాడు. ఎడమవైపు మనిషి ముందుకు వెళ్ళిపోతే వెనక కాపు కాసేదెవరని, మాట మాట కూర్చుకుని అడిగాడు. కోచ్ తన చేతిలోని ప్లాన్ గీసిన అట్ట వైపు చాలాసేపు చూసుకున్నాడు. "మంచి ప్రశ్నే" అన్నాడు చివరికి. ఆ రాత్రి గేమ్‌లో అతను ఆడాడు.

తర్వాతి ఏడాది పెద్ద లీగ్ నుంచి పిలుపొచ్చింది. "టీచర్, నేను పైకి" అని ఫోన్ చేశాడు. టీవీలో చూశాం. అతను ఒక నిమిషం ఆడి బల్ల మీదికి వచ్చి కూర్చోగానే, బాగా ఆడలేదని తీసేశారనుకుని నేను ఉసూరుమన్నాను. అందరూ అలాగే వంతులవారీగా ఆడతారని మా వారు ఇంటర్నెట్‌లో చూసి చెప్పారు. రెండు వారాలకి మళ్ళీ ఫోన్. "టీచర్, నేను కిందికి." అలా మూడేళ్ళు పైకీ కిందికీ తిరిగాడు. సూట్‌కేస్ ఎప్పుడూ సర్దే ఉండేది.

ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో ఫోన్ మోగితే బయటికి వెళ్ళి, తిరిగొచ్చి పుస్తకం మూశాడు. వాళ్ళ టీమ్ అతన్ని ఇచ్చి, వేరే టీమ్ నుంచి ఇంకొకణ్ణి తీసుకుందట. సాయంత్రం విమానం. మా వారు కంపెనీ మారాలంటే ఎన్ని ఫారాలు, ఎన్ని నెలల ఎదురుచూపులు! ఇతన్ని అడగనైనా అడగకుండా వేరే ఊరు పంపించేశారు. "భయంగా ఉందా?" అన్నాను. "కొత్త ఊళ్ళో టీచర్ ఉండదు కదా" అన్నాడు.

ఆ ఊళ్ళోనూ, ఆ తర్వాతి రెండు ఊళ్ళలోనూ ఆడాడు. పేపర్లలో బొమ్మ పడే రకం కాదు. బిళ్ళకి అడ్డం పడేవాళ్ళకి పేరు రాదు, దెబ్బలొస్తాయి. చివరికి మోకాలు దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు.

"ఇరవై తొమ్మిది నాకు. హాకీలో ముసలివాణ్ణి, టీచర్."

"నాకు ముప్పై ఐదు. గ్రీన్ కార్డ్ వచ్చింది. సోమవారం నుంచి స్కూల్లో ఉద్యోగం."

"అయితే మీరు రూకీ" అన్నాడు. కొత్తగా టీమ్‌లో చేరినవాణ్ణి వాళ్ళు అలా అంటారట. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. పెట్టేశాక మాత్రం నాకు కళ్ళు తడయ్యాయి.

మోకాలు కుదుటపడ్డాక యూరప్ వెళ్ళి, సొంత ఊరి టీమ్‌లో నాలుగు సీజన్లు ఆడాడు. మానేసేటప్పుడు అభిమానులకి రాసిన వీడ్కోలు ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి నాకు మెయిల్ చేశాడు. వాళ్ళ భాషలోనూ మనలాగే 'ఎ', 'ద'లు ఉండవు. ఆరుచోట్ల 'ద' పెట్టి పంపాను. ఇంకేమీ ముట్టుకోలేదు. తన మొదటి స్కేట్స్‌లో అమ్మ పాత న్యూస్‌పేపర్లు కుక్కి సైజు సరిచేసిన సంగతి అందులో రాశాడు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు భార్యతో మిషిగన్‌కే వచ్చాడు. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో పిల్లలకి కోచ్. ఒక ఆదివారం మమ్మల్ని తను ఆట నేర్పే చోటికి పిలిచాడు. పెట్టుడు పళ్ళతో దొరబాబులా ఉన్నాడు. నా సైజు అడిగి స్కేట్స్ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తనే తాళ్ళు బిగించాడు. వద్దు మొర్రో అంటున్నా వినలేదు. మంచు మీద అడుగు పెట్టగానే నా కాళ్ళు చెరో దారి పట్టాయి. అతను రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి జారుతూ నన్ను ముందుకు లాగాడు. మంచు చుట్టూ కట్టిన అద్దం వెనక మా వారు ఫోటోలు తీయడం మర్చిపోయి నవ్వుతున్నారు. ఒక చుట్టు పూర్తయింది. రెండోది నేనే అడిగాను.