బక్కమ్మ ఆర్పని బల్బు

చివ్వెంల దగ్గరి ఆ పల్లెలో బక్కమ్మను ఎవరు పిలిచినా ఆమెకు ఒక పట్టాన వినపడదు. కోడలు రజిత పక్కన నిలబడి గొంతు చించుకున్నా అంతే. మీటరు చూసే వీరేశం బండి చప్పుడు మాత్రం ఊరి మొదట్లో ఉండగానే వినపడిపోతుంది. అవేం చెవులో, ఆ భగవంతుడికే తెలియాలి!

ఆ చప్పుడు చెవిన పడితే ఇక చూడాలి ఆమె పరుగు. ఫ్యాను బంద్, టీవీ బంద్, ఫ్రిజ్జు బంద్. చివరికి పీట ఎక్కి మెయిన్ స్విచ్ కూడా దించేస్తుంది. వీరేశం వచ్చిన ఘడియలో ఇంట్లో ఏవి నడుస్తుంటే వాటికే బిల్లు పడుతుందని ఆమె నమ్మకం. వెనక కాల్చిందంతా మీటరుకు గుర్తుంటుందా ఏమన్నా?

"నెలంత కాల్చింది దాంట్ల ఎక్కుతనే ఉంటది పెద్దమ్మా! నేనొచ్చినప్పుడు ఆర్పితె ఏమొస్తది?" అని వీరేశం చెప్పీ చెప్పీ విసిగిపోయాడు.

"నువ్వు కరెంటోళ్ల మనిషివి. గట్లనే అంటవ్" అని ఆమె నవ్వేది. ఎండాకాలంలో అతను చెమటలు కక్కుతుంటే చల్ల పోసి విసనకర్ర చేతికిచ్చేది. ఫ్యాను వేస్తే ఒట్టు.

ఈసారి ముసురు పట్టిన రోజుల్లో బక్కమ్మ వాళ్ల గొర్రెల మందలో ఒక గొర్రె ఈని చచ్చిపోయింది. పిల్ల మిగిలింది. "ఈ సలికి ఇది బతకది" అని మొగుడు లింగన్న పెదవి విరిచి, మందను తోలుకుని పోయాడు. బక్కమ్మకు ఒళ్లు మండింది. బతకదని చెప్పడానికి ఈయనెవరు? గంపలో పాత గొంగడి పరిచి పిల్లను పడుకోబెట్టింది. పైన పెద్ద బల్బు వేలాడదీసి, సీసాతో పాలు పట్టింది. పిల్ల మెల్లగా తల ఎత్తింది.

అప్పుడు వినపడింది వీరేశం బండి. అలవాటు ఊరుకుంటుందా? బక్కమ్మ దిగ్గున లేచి, మొత్తం ఆర్పి, మెయిన్ దించేసింది. అతను రీడింగు తీసుకున్నాడు. తడిసి వచ్చాడని టీ పెట్టిచ్చి, కోడలి మీద చాడీలు మొదలుపెట్టింది. రజిత సూర్యాపేటలో కొలువుకు పోయింది కాబట్టి అడ్డు లేదు. చాడీల్లో పడితే బక్కమ్మకు లోకం గుర్తుంటుందా?

"ఆ గంపలేముంది పెద్దమ్మా?" అని వీరేశం అడిగాడు.

బక్కమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది. ఉరికి చూస్తే పిల్ల కాళ్లు చాచి పడి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"అయ్యో, నా చేతులార సంపుకుంటినే!" అని నెత్తి బాదుకుంది.

వీరేశం పోయి మెయిన్ ఎక్కించాడు. బల్బును కిందికి దించి పిల్లకు దగ్గరగా పట్టుకున్నాడు. బక్కమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని కొంగుతో రుద్దుతూనే ఉంది.

"కాలనీ కరెంటు, ఎంతన్న కాలనీ! ఇది లేస్తే సాలు బిడ్డా!"

మిగతా ఇళ్లు చూడాలన్న సంగతే వీరేశం మరిచిపోయాడు. చాలాసేపటికి పిల్ల చెవి కదిలింది. తర్వాత సన్నగా అరిచింది. బక్కమ్మ బావురుమంది. వీరేశం కళ్లు తుడుచుకుంటూ, పొయ్యి పొగ అన్నాడు. గ్యాసు పొయ్యికి పొగేమిటో!

మరుసటి నెల మళ్లీ బండి చప్పుడైంది. బక్కమ్మ మారిపోయిందనుకుంటున్నారేమో. ఫ్యాను, టీవీ, ఫ్రిజ్జు టకటకా ఆరిపోయాయి. మెయిన్ జోలికి మాత్రం పోలేదు. పట్టపగలు, ఖాళీ గంప మీద పెద్ద బల్బు వెలుగుతోంది. గొర్రెపిల్ల వాకిట్లో వీరేశం సంచి అంచు నములుతోంది.

"పిల్ల గీడ నా సంచి తింటున్నది. గాడ బల్బెందుకు పెద్దమ్మా?"

బక్కమ్మ బల్బు వైపు చూసింది.

"ఉండనీ బిడ్డా. నువ్వొచ్చినవంటే నా చెయ్యి దాని మీదికి పోతలేదు. రాసుకో."