ఎడమచేతి పిడి

యాభై మూడేళ్ళ వయసులో పిస్టల్ కొనుక్కుంటానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పినా విననని అందరికీ తెలుసు. పారమట్టాలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. డాక్టరు రాసిన మోతాదు తప్పనిపిస్తే, ఆయన ఎంత పెద్దవాడైనా సరే, ఫోన్ చేసి మొహమాటం లేకుండా చెప్పడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. "నువ్వు అడగవు, ఊరికే తెలియజేస్తావు" అని మావారు నవ్వుతుంటారు.

మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్ తెలుగువాళ్ళలో మాత్రం ఈ కబురు పెద్ద దుమారమే లేపింది. ఒక పుట్టినరోజు భోజనాల్లో పక్కింటి ఆంటీ బిర్యానీ గరిటె గాల్లోనే ఆపేసి, "ఎవర్ని కాల్చడానికమ్మా?" అని అడిగారు.

"కాగితాన్ని, ఆంటీ."

"కాగితం ఏం చేసింది పాపం!" అన్నారావిడ, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నిజానికి అది మా ఆసుపత్రి సహోద్యోగి ఒకామె పుణ్యం. కొత్తవాళ్ళకి చూపించే రోజు అని తన పిస్టల్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. ఊరికి దూరంగా, యూకలిప్టస్ చెట్ల మధ్య రేకుల షెడ్డు. పాతిక మీటర్ల అవతల నల్లటి చుక్క ఉన్న కాగితం. చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు పెట్టి, పక్కన మనిషిని నిలబెట్టి, చేతికి ఒక చిన్న పిస్టల్ ఇచ్చారు. రోజంతా పదిమంది అభిప్రాయాల మధ్య పనిచేసే నాకు అక్కడి పద్ధతి చెప్పలేనంత నచ్చింది. ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. కాగితం మీద బెజ్జం ఎక్కడ పడితే అదే తీర్పు. ఆ వారమే చేరిపోయాను.

ఈ దేశంలో పిస్టల్ కొనడం కూరగాయలు కొన్నట్టు కాదు. పోలీసుల తనిఖీ, తరగతులు, పరీక్ష, ఇంట్లో నేలకి బోల్టులు వేసి బిగించిన ఇనుప పెట్టె. మొదటి ఆరు నెలలు క్లబ్బు పిస్టళ్ళతోనే నేర్చుకోవాలి. ఆ తర్వాత కూడా కొత్తవాళ్ళకి ఈ రకంలో ఒక్కటే. ఈ రకమంటే పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్. తూటా అడుగున అంచు మీద దెబ్బ పడితే పేలుతుంది. తూటా సన్నగా ఉంటుంది, చప్పుడు తక్కువ, చేతిని పెద్దగా ఎగరేయదు. గురి నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదని క్లబ్బులో అందరిదీ ఒకే మాట.

ఆరు నెలలూ బుద్ధిగా నేర్చుకున్నాను. మొదటి నెలలో బాగా కుదిరింది. తర్వాత బండి అక్కడే ఆగిపోయింది. ఒక తూటా నల్ల చుక్కలో పడితే రెండోది కాగితం మూలకి పోయేది, మూడోది ఎక్కడికి పోయిందో వెతుక్కోవాల్సి వచ్చేది. క్లబ్బు పిస్టళ్ళ పిడులు ఎవరి చేతికైనా పట్టేలా చదునుగా ఉంటాయి, పైగా ఎన్నేళ్ళ నుంచి ఎన్ని వందల చేతులు మారాయో. తప్పు తుపాకీదే అని తేల్చేశాను. కచ్చితమైన పిస్టల్ ఒకటి నా సొంతానికి వస్తే లెక్క సరిపోతుందని నా నమ్మకం.

మావారు సాఫ్ట్‌వేర్ మనిషి. వెంటనే ఎక్సెల్ తెరిచారు. ఇల్లు కొన్నప్పుడూ ఇంతే, ప్రెషర్ కుక్కర్ కొన్నప్పుడూ ఇంతే. గొట్టం పొడవు, బరువు, ట్రిగ్గర్ ఎంత ఒత్తిడికి కదులుతుంది, గురి చూసే పలకని ఎంత సన్నగా జరపవచ్చు, వాడినవాళ్ళు ఏమన్నారు, అన్నీ గడులు. పద్నాలుగు పిస్టళ్ళలో మొదటి స్థానం ఐరోపాలో తయారైన ఒక పోటీ పిస్టల్‌కి వచ్చింది. వాల్‌నట్ చెక్కతో చేసిన పిడి, అరచెయ్యి ఆనేలా చెక్కినది. అదే రకానిది షాపులో కుడిచేతి పిడితో సిద్ధంగా ఉంది, పోలీసుల కాగితం రాగానే ఇచ్చేస్తామన్నారు. ఇంకేం కావాలి? శనివారం క్లబ్బుకి వెళ్ళి మా శిక్షకుడికి గొప్పగా చెప్పాను.

ఆయన డెబ్బై దాటినవాడు, రైళ్ళ మరమ్మతు చేసి రిటైరయ్యాడు. పది మాటలు అవసరమైన చోట మూడు వాడతాడు. "కాగితం మీద ఎంచుకున్నావు. చేత్తో ఎంచుకో" అన్నాడు. ఆ రోజు వచ్చిన సభ్యులని ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ళ పిస్టళ్ళు ఖాళీ చేయించి, బల్ల మీద వరసగా పెట్టించాడు. ఐదున్నాయి.

"ఒకటి పట్టుకో. కళ్ళు మూసుకో. చెయ్యి లేపు. ఇప్పుడు తెరువు. ముందు పలక, వెనక పలక వాటంతటవే ఒకే వరసలో కనిపిస్తే ఆ పిడి నీది. మణికట్టు తిప్పి సర్దాల్సి వస్తే నీది కాదు."

ఒకటి ముందుబరువు, గొట్టం కిందికి లాగుతుంది. ఒకటి ఎంత తేలికంటే చెయ్యి వణుకంతా దాని మీదే కనిపిస్తుంది. ఒకదాని ట్రిగ్గర్ గాజు విరిగినంత శుభ్రంగా కదులుతుంది, ఒకదానిది ఇసుకలో ఈడ్చినట్టు. ఈ తేడాలు ఎక్సెల్‌లో ఎక్కడా లేవు. అయితే ఐదింటిలో ఏదీ నాకు కుదరలేదు. ఎక్సెల్‌లో మొదటిది కూడా. కళ్ళు తెరిచిన ప్రతిసారీ పలకలు ఎటో పోయి ఉన్నాయి. ఆయన నా ఎదురుగా కాస్త పక్కకొచ్చి నిలబడి చూశాడు.

"తల ఎందుకు అలా వాలుస్తున్నావు?"

వాల్చడం లేదన్నాను. ఆయన వాదించలేదు. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారాన్ని చూడమన్నాడు. తర్వాత ఒక్కో కన్నూ మూయమన్నాడు. కుడికన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమకన్ను మూస్తే మాయమైంది.

"నువ్వు గురి చూసేది ఎడమకంటితో. పట్టుకునేది కుడిచేత్తో. అందుకే తల అటు లాగుతోంది." నా చేతులకేసి చూస్తూ అడిగాడు. "చిన్నప్పుడు నీది ఏ చెయ్యి?"

నాది ఎడమ చెయ్యే. పలక మీద మొదటి అక్షరాలు ఎడమచేత్తోనే దిద్దానట. పుర్రచెయ్యి, పుర్రచెయ్యి అని వీధి పిల్లలు వెక్కిరించేవాళ్ళు. మా అమ్మ అన్నం దగ్గర కూర్చోబెట్టినప్పుడల్లా పాత చీరపేలికతో నా ఎడమచేతిని నడుముకి కట్టేది. రెండో తరగతికి వచ్చేసరికి కుడిచేతివాటం పిల్లనైపోయాను. తరవాత ఎన్నోసార్లు ఈ సంగతిని నేనే నలుగురిలో సరదాగా చెప్పాను, మా అమ్మ క్రమశిక్షణ అలాంటిదని. ఒక్కసారైనా బాధపడలేదు.

క్లబ్బులో ఎడమచేత్తో కాల్చే మనిషి ఒక్కతే ఉంది, బడిలో టీచరు. తన పిస్టల్ నాకిచ్చింది. చెయ్యి చాచగానే ఒళ్ళంతా సిగ్గు పుట్టింది. పంక్తిలో వడ్డిస్తూ పొరపాటున ఎడమ చెయ్యి ముందుకు పెట్టినట్టు అనిపించి, ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరిగాను. తర్వాత కళ్ళు మూసి, చెయ్యి లేపి, తెరిచాను. రెండు పలకలూ ఒకే వరసలో, ఎవరో సర్ది పెట్టినట్టు ఉన్నాయి.

ఐదు తూటాలు కాల్చాను. ఒక్కటీ నల్ల చుక్కలో పడలేదు. ఐదూ కింద, ఎడమవైపు పడ్డాయి, కాని ఐదింటినీ కలిపి ఒక బిస్కెట్‌తో మూసేయొచ్చు. ఆయన కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. "పక్కకి పోతే పలకని స్క్రూతో జరుపుతాను. ఇలా ఒకచోట పడటం మాత్రం నేను ఇవ్వలేను" అన్నాడు. తర్వాత అన్నాడు, "కుడిచేత్తో కూడా నెట్టుకురావచ్చు, చాలామంది చేస్తారు. ఒకటి తేల్చుకో. అటూ ఇటూ ఊగకు."

షాపువాడికి ఫోన్ చేస్తే ఎడమచేతి పిడి ఐరోపా నుంచి రావాలి, ఎన్ని నెలలో చెప్పలేమన్నాడు. కుడిచేతిది రేపే చూసి వెళ్ళమన్నాడు. మావారు "యాభై ఏళ్ళ అలవాటు, కుడిదే తీసుకో" అన్నారు. అందులో న్యాయముంది. కాని ఆ ఐదు బెజ్జాలు చూశాక నాకు ఒంటికి కారం రాసుకున్నట్టుంది. నా చెయ్యి నాకు కాకుండా చేశారన్న కోపంతో ఇంటికొచ్చాను.

మా అమ్మ మాతోనే ఉంటుంది, పదకొండేళ్ళయింది. ఆ మధ్యాహ్నం పెరట్లో కుర్చీ వేసుకుని గోంగూర ఆకు తుంచుతోంది. ఆ బెజ్జాల కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, నిలబడే అడిగేశాను.

"ఎందుకు కట్టావమ్మా నా చెయ్యి?"

ఆమె కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "కట్టాను. ఆడపిల్లవి, ఎడమచేత్తో వడ్డిస్తే నలుగురూ నోటికొచ్చినట్టు అంటారని భయపడ్డాను. నాకంతకంటే తెలీదు. తప్పే, కాదనను." మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెట్టింది. కోపం ఇంకా చల్లారక నేను అక్కడే నిలబడ్డాను. ఆమె తలెత్తకుండానే అంది.

"నా సంగతి సరే. మరి నీ పిల్లకెందుకు మార్చావే? ఈ ఊళ్ళో ఎవరున్నారే నిన్ననడానికి?"

నేను కట్టలేదు అన్నాను. అది నిజమే, కట్టలేదు. కాని మా అమ్మాయి కంచం ముందు కూర్చున్న ప్రతి పూటా "ఆ చెయ్యి కాదు" అన్నాను. ఒక్కోసారి వేళ్ళ మీద చిన్న దెబ్బ. బడిలో చేరిన కొత్తలో టీచరు ఎడమచేతివాళ్ళ కత్తెర ఇచ్చి పంపితే, మా ఇంట్లో ఇవి వద్దని చీటీ రాసి తిప్పి పంపాను. నా పద్ధతి నాదని, ఎవరికీ భయపడనని ఆ చీటీ రాసినందుకు గర్వపడ్డాను కూడా. ఆ ఏడాది మా అమ్మ మూడు నెలలు చూసిపోవడానికి వచ్చింది. అన్నీ చూసింది, అప్పుడు ఏమీ అనలేదు.

పెరట్లో నిలబడి ఏడుపొచ్చింది నాకు. ఏడ్చాను. మా అమ్మ గోంగూర పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

మా అమ్మాయికిప్పుడు ఇరవై ఆరేళ్ళు. కాన్‌బెర్రాలో ఉద్యోగం, అక్కడే హారిసన్‌లో స్నేహితురాలితో కలిసి ఉంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అప్పుడే ఫోన్ చేశాను. చుట్టూ తిప్పడం నాకు చేతకాదు.

"నువ్వు ఏ చేత్తో అన్నం తింటున్నావే?"

"లెఫ్ట్" అంది. "రైట్ ఓన్లీ వెన్ యూ విజిట్, అమ్మా."

ఎప్పటినుంచి అని అడిగితే, యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి రోజు నుంచి అంది. ఎనిమిదేళ్ళు. అదేమీ కోపంగా చెప్పలేదు. వర్షం పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

సోమవారం ఎడమచేతి పిడికి ఆర్డరు ఇచ్చాను. మావారు మారుమాట లేకుండా ఎక్సెల్‌లో ఆ గడి రంగు మార్చారు. పిడి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆలోగా క్లబ్బు పిస్టళ్ళతో ఎడమచేతికి మొదటినుంచి నేర్పించాను, పలక మీద అక్షరాలు దిద్దినట్టు. నాదొచ్చాక శిక్షకుడు రకానికొకటి చొప్పున నాలుగు పెట్టెల తూటాలు తెచ్చి పరీక్ష పెట్టాడు. ఒక్కో పిస్టల్‌కి ఒక్కో తూటా సరిపడుతుందట. అన్నిటికంటే చవకదే దానికి కుదిరింది. ఇప్పుడు పదింటిలో ఎనిమిది నల్ల చుక్కలోనే పడుతున్నాయి. తొమ్మిది కూడా పడతాయి, నాకు అనుమానం లేదు.

ఆ తర్వాత వచ్చిన సెలవుల్లో మేం ముగ్గురం హారిసన్ వెళ్ళాం. వంట నేనే చేశాను. పప్పు, వంకాయ కూర, అమ్మ పట్టిన గోంగూర పచ్చడి. బల్ల చుట్టూ కూర్చున్నాం. మా అమ్మాయి, మేం వచ్చినప్పటి అలవాటు కొద్దీ, కుడి చెయ్యి కంచంలో పెట్టింది.

"నీ చేత్తో తినమ్మా" అన్నాను.

"ఆర్ యూ షూర్?" అని అడిగింది, నా ముఖంలోకి చూస్తూ. అవునన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, ఎడమచేత్తో అన్నం కలిపింది. చూడటం నాకు తేలిక కాలేదు, అబద్ధం చెప్పను. ఒకటి రెండుసార్లు కళ్ళు కంచం మీద నుంచి తప్పించుకున్నాను. మళ్ళీ చూశాను. వేళ్ళు ఎంత చకచకా కదులుతున్నాయో. చిన్నప్పుడు పూట పూటా పిల్లని తిట్టేదాన్ని, అందరూ లేచిపోయినా గంటలు గంటలు కంచం ముందే కూర్చుంటావు, అన్నమంటే అంత నిర్లక్ష్యమా అని. ఆ రోజు మా అందరికంటే ముందు తినేసి లేచింది.