కుడిచెంప మీది పుట్టుమచ్చ

నా చిన్నప్పుడు మా వాడలో బతికున్న మనిషిని ఒంటరిగా నిలబెట్టి ఫోటో తీసేవాళ్లు కాదు. అలా తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని పెద్దల భయం. పెళ్లిలో నలుగురితో కలిసి ఒకటి, జాతరలో రంగుపరదా ముందు పిల్లాపాపలతో ఒకటి, అంతే. ఒక్క మనిషి ముఖాన్ని పెద్దది చేయించి గోడకు వేలాడదీశారంటే ఆ మనిషి ఇక లేడని అర్థం. దాన్ని పటం కట్టించడం అనేవాళ్లు. ఫోటో లేకుండానే ఎవరైనా పోతే స్టూడియో ఆయన్ను ఇంటికి పిలిపించేవాళ్లు. శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనక నుంచి ఎవరో ఒకరు పట్టుకుంటే ఆయన ఫోటో తీసుకుపోయేవాడు. పటాన్‌చెరులో మేము కిరాయికున్న వరుస ఇళ్లలో అలాంటి పటాలు చాలానే ఉండేవి. కళ్లు మూసుకున్న ఆ ముఖాల కిందే మేము అన్నాలు తిన్నాం, ఎక్కాలు వల్లెవేశాం.

ఈ భయాన్ని లెక్కచేయని మనిషి మా చిన్నాయన ఒక్కడే. యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెళ్లి కాలేదు, మాతోనే ఉండేవాడు. ఎవరి దగ్గరో కొన్న పాత డబ్బా కెమెరా ఆయనకు ప్రాణం. దాన్ని కంటికి ఆనించి చూడరు. కడుపు దగ్గర పట్టుకుని, పైనున్న చిన్న అద్దంలోకి తలవంచి చూడాలి. ఫ్యాక్టరీల వెనక వాగు ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు పసుపుగా పారుతుంటే చిన్నాయన సెలవు దొరికినప్పుడల్లా పోయి ఆ వాగునే ఫోటో తీసుకొచ్చేవాడు. నలుపు తెలుపు రీలులో ఆ రంగులు ఎట్లా వస్తాయి? అన్నీ ఒకే బూడిద రంగులో వచ్చేవి. "మంది పెండ్లిళ్ల ఫోటోలు దింపుతరు, నువ్వేమో మురికినీళ్లు దింపుకొస్తవ్" అని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆయన వాటిని బట్టల పెట్టె అడుగున దాచుకునేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను నగరంలోని మ్యూజియానికి తీసుకుపోయాడు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. నా ఆశంతా ఆయన ఫోటోలు తీస్తుంటే పక్కన నిలబడి చూడడం మీద. తీరా పోతే గేటు దగ్గరే కెమెరా తీసి పెట్టుకుని, గుర్తుగా మా చేతిలో ఒక ఇత్తడి బిళ్ల పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన మాత్రం ఏమీ జరగనట్టు లోపలికి నడిచి, ముక్కు విరిగిన ఒక రాతి స్త్రీ ముందు నన్ను నిలబెట్టి చూడమన్నాడు. చూశాను, ఇక పోదామన్నాను. ఇంకా చూడమన్నాడు. జనం వస్తున్నారు, పోతున్నారు, మేము అక్కడే ఉన్నాం. నాకు కాళ్లు పీకాయి.

తిరుగు బస్సులో అసలు పని మొదలైంది. కళ్లు మూసుకుని ఆ బొమ్మను పై నుంచి కిందికి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చెప్పమన్నాడు. కొప్పు చెప్పాను, విరిగిన ముక్కు చెప్పాను. చేతిలో ఏముందని అడిగితే కళ్లు తెరిచేశాను. "కండ్లు పెట్టినవ్ గని చూడలే" అన్నాడు. తరువాతి ఆదివారం మళ్లీ అదే బొమ్మ, ఆ పై ఆదివారం కూడా. ఆ వేసవిలో మిగతా మ్యూజియమంతా మాకు పట్టలేదు. చివరికి ఒకరోజు, ఆమె చేతిలో ఉన్నది కాయ అనీ, దాన్ని చిలుక పొడుస్తోందనీ, ఆ చిలుక తోక కొస విరిగిపోయిందనీ కళ్లు మూసుకునే చెప్పాను. ముందు సీటులోని ముసలాయన కూడా వెనక్కి తిరిగి విన్నాడు.

ఆ సాయంత్రమే కెమెరా నా చేతికొచ్చింది. "రీలు మాటిమాటికి రాదు బిడ్డా. మంచిగ చూసినంకనే నొక్కు" అన్నాడు. నా కాళ్లు నేల మీద ఆగలేదు. కట్టేసిన మేకపిల్లను తీశాను, మూతపడ్డ రేషన్ దుకాణాన్ని తీశాను. మనుషులెవరూ నా ముందు నిలబడలేదు. "అటు పోవే, నా పానం దీస్తవా ఏంది" అని ముసలమ్మలు కసిరికొట్టారు.

నిలబడ్డది బావ ఒక్కడే. పక్కింటి అక్క భర్త. అక్క మాకు చుట్టం కాదు, కానీ నాకు జడలు వేసింది ఆమే, పేలు చూసింది ఆమే, కాబట్టి ఆయన నాకు బావ. కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని. అప్పుడే రాత్రి డ్యూటీకి సైకిల్ బయటికి తీస్తున్నాడు. సాయంత్రమైతే చాలు, కుళ్లిన గుడ్ల వాసన ఊరి మీదికి దిగేది. అందుకని మగవాళ్లు ముక్కుకూ నోటికీ దస్తీ కట్టుకుని పోయేవాళ్లు. నన్ను చూసి ఆగి, "ఏం మరదలా, గిట్ల దింపితే దొంగ లెక్క కనబడ్త గద" అని దస్తీని గడ్డం కిందికి గుంజాడు. చిన్నాయన నేర్పినట్టే నేను అద్దంలోకి తలవంచి, పై నుంచి కిందికి, ఆ అంచు నుంచి ఈ అంచుకు చూడడం మొదలుపెట్టాను. "జల్దీ కానియ్యి, గేటు బంద్ చేస్తరు" అంటూనే ఆ వాసనలో కదలకుండా నిలబడ్డాడు. గుమ్మంలోంచి అక్క, "ఒక్కనివే దిగకయ్యా, మంచిది కాదు" అంది. ఆయన నవ్వబోతుండగా నొక్కాను. టక్కుమంది.

ఆ వారం గడవకముందే ఆ కంపెనీలో మంటలు లేచాయి.

బావను బట్టలో చుట్టి తెచ్చారు. ముఖం విప్పవద్దని తెచ్చినవాళ్లు గట్టిగా చెప్పారు. పిలవకుండానే వచ్చిన స్టూడియో ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, కెమెరా సంచీ తెరవకుండానే వెళ్లిపోయాడు. అక్కకు చివరిచూపు దక్కలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క పెళ్లిఫోటో. అందులో బావ తలవంచి ఉన్నాడు, బాసింగం కింద ముక్కు కొన తప్ప ఇంకేమీ కనబడదు. కంపెనీ ఇచ్చిన గేటుపాసు మీద పేరు, ముద్ర తప్ప ముఖం లేదు. ఒక మనిషి ముప్పై ఏళ్లయినా నిండకుండా పోయాడు, అతని ముఖం ఈ లోకంలో ఎక్కడా లేదు.

మరునాడు అక్క మామ మా ఇంటికి వచ్చి చిన్నాయన ముందు చేతులు జోడించాడు. "మా పిలగాన్ని మీ పిల్ల దింపింది గద బిడ్డా. గా ఫోటో కడిగియ్యి. దినం నాటికి పటం కట్టిస్తం. ఆఖరి మొకం సుత జూడకపాయె, కోడలు గోడకు కూలవడి లేస్తలేదు." చిన్నాయన అవుననలేక, కాదనలేక తల ఊపాడు. ముసలాయన ఆ తల ఊపును మాట అనుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక చిన్నాయన కెమెరా తెచ్చి నా ముందు వెనక మూత తెరిచాడు. లోపల నల్లటి గుంత తప్ప ఏమీ లేదు. నాకు చూడడం అలవాటు కావాలని రీలు వేయకుండానే ఇచ్చాడట. వారం పోయాక చెప్పి, నేను ఏమేం తీశానో మ్యూజియం బొమ్మలాగే అన్నీ చెప్పించుకుని, అప్పుడు కొత్త రీలు వేసిద్దామనుకున్నాడట. నేను ఆయన మీద పడి రెండు చేతులా కొట్టాను. ఆయన అడ్డుకోలేదు. "రీలుకు ఎలుతురు తగిలి ఖరాబైందని చెప్పు. ఎవరి మనసూ నొవ్వదు" అని అమ్మ మెల్లగా అంది. అది మంచి మాటే, ఇప్పటికీ నాకలాగే అనిపిస్తుంది. చిన్నాయన మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచాడు.

"ఉత్త డబ్బా మామా. రీలు లేకుండె. పిల్లకు తెల్వదు, నేనే గట్ల చేసిన" అని ముసలాయనతో చెప్పాడు. అరుపులుంటాయని నేను చిన్నాయన వెనక దాక్కున్నాను. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. మూలలోంచి అక్క నన్ను పిలిచింది. మంటల రోజు నుంచి ఆమె మాట్లాడడం అదే మొదలు.

"నువ్వైతే చూసినవా? మంచిగ చూసినవా?"

"చూసిన."

"చెప్పు మరి."

కళ్లు మూసుకున్నాను. తడి తల, దువ్విన పాపిట చెప్పాను. ఎండ మీద పడి ఒక కన్ను చికిలించాడని చెప్పాను. దస్తీ బిగువుకు ముక్కు మీద పడ్డ గీత చెప్పాను. చొక్కా రెండో గుండీ తెల్లదారంతో కాకుండా నల్లదారంతో కుట్టి ఉందని చెప్పినప్పుడు అక్క నా దగ్గరికి జరగడం వినిపించింది. నవ్వుతున్నాడా అని అడిగింది. నవ్వలేదు, నవ్వబోతున్నాడు అన్నాను. ఎడమచెంప మీద పుట్టుమచ్చ ఉందన్నాను.

"కుడిచెంప" అంది అక్క.

ఎడమదే అన్నాను. నా కళ్లతో చూశాను కదా. ముసలాయన నిట్టూర్చి, "పిల్ల అల్లి చెప్తున్నదిలే, ఇడిసిపెట్టమ్మా" అన్నాడు. అప్పుడు చిన్నాయన గుమ్మంలోంచే అన్నాడు: "అల్లి చెప్పుడు కాదు మామా. ఆ అద్దంల కుడిది ఎడమకు కనబడ్తది. అది అద్దంల ఎట్ల చూసిందో అట్లనే చెప్తున్నది."

అక్క అప్పుడు ఏడ్చింది. తప్పు చెప్పినందుకే ఏడుస్తోందనుకుని నేనూ ఏడ్చాను. అది తప్పు గనుకే ఆమె నన్ను నమ్మిందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రోజూ చూసిన బావను నేను గుర్తు తెచ్చుకుని చెబితే కుడిచెంప అనేదాన్నే. ఆ సాయంత్రం, ఆ అద్దంలో, ఆమె కోసం దాచినట్టుగా నిలిచిన ఒక్క బావను చెప్పాను.

ఆ ఆదివారం మా ఇంటి ముందు జనం చేరారు. నా పానం దీస్తవా అన్న ముసలమ్మలే ముందు నిలబడ్డారు. ఆడవాళ్లు డ్యూటీ దిగి వచ్చిన మొగుళ్లను నిద్ర లేపి, తల దువ్వి తీసుకొచ్చారు. ఒక్కొక్కరే, ఒంటరిగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆరోజు కళ్లారా చూశాను. చిన్నాయన ఈసారి నా ఎదుటే రీలు వేశాడు. ప్రతి మనిషినీ ముందు నన్ను అద్దంలో చూడమని, తరువాతే తను నొక్కాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ తమ పటం కోసమే దిగుతున్నట్టు నిలబడ్డారు.

అక్క ఆ పెళ్లిఫోటోకే పటం కట్టించింది. ఏటా బావ దినం నాడు నన్ను పిలిచి చెప్పించుకునేది. నాకు పెళ్లయినా, టీచరు ఉద్యోగంలో ఊళ్లు మారినా ఆరోజుకు పోయేదాన్ని. ఏదైనా దాటేస్తే పట్టేసేది. "గుండీ మరిచినవ్" అనేది. చెంప దగ్గరికి రాగానే నేను ఎడమ అనాలి, ఆమె కుడి అనాలి. అది మా ఇద్దరి లెక్క.

ఉద్యోగం నుంచి దిగిపోయాక నేనూ ఒక మంచి కెమెరా కొనుక్కున్నాను. ఆదివారాలు మ్యూజియానికి పోతాను. ఇప్పుడు కెమెరాను ఎవరూ ఆపరు. జనం బొమ్మకు వీపు తిప్పి, ఫోన్ ఎత్తి, తమను తాము తీసుకుని పోతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది, పంతులమ్మ బుద్ధి పోలేదు మరి. మిగతా రోజుల్లో ఫ్యాక్టరీల పక్కనున్న చిట్కుల్ పోయి, గదుల్లో కిరాయికుండే కార్మికులను తీస్తాను. ఒడిశా వాళ్లు, బిహార్ వాళ్లు. "మేడమ్, అమ్మా కో భేజ్‌నా హై" అని, ఊళ్లో ఉన్న అమ్మకు పంపుకోవడానికి నిలబడతారు. మాస్కు దించమని నేను ఎవరినీ అడగను. తమంతట తామే దించితే మాత్రం, వాళ్లు విసుక్కునేదాకా చూసి గానీ నొక్కను. మొదటి ప్రింటు వాళ్లకే ఇస్తాను. వాగు మీద చిన్నాయన తీసిన బూడిద రంగు ఫోటోలు కూడా ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఆయన పోయే నాటికి వాటిని అడిగినవాళ్లు లేరు.

ఈ ముసురులో అక్క కూడా పోయింది. పటం కోసం ఫోటో ఏరడానికి వాళ్ల మరిది మనవరాలు ఫోన్ పట్టుకుని కూర్చుంటే వందల కొద్దీ ఉన్నాయి. ఏది మంచిదో తేల్చలేక ఆ పిల్ల నన్ను అడిగింది. నేను ఒక్కోటీ చూస్తూ కూర్చుండిపోయాను, నాకూ చేతకాలేదు.

తరువాతి ఆదివారం మ్యూజియంలో ముక్కు విరిగిన ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. కళ్లు మూసుకుని బావను మొదటి నుంచి చెప్పుకున్నాను. తడి తల, చికిలించిన కన్ను, ముక్కు మీద గీత, నల్లదారం గుండీ. చెంప దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఎడమ అని ఆగాను. కుడి అనేవాళ్లు లేరు. ఆ మాట కూడా నేనే అనుకుని బయటికి వచ్చాను.