అమ్మకానికి లేని పాట

శుక్రవారం లాండ్రీలో ఇస్త్రీ పని ముగిశాక, ఆవిరికి ఉబ్బిన చేతులు కోటు జేబుల్లో దాచుకుని వెర్డెల్ అనే ఆవిడ మా నెవార్క్ ఊళ్లో ఏదో ఒక రికార్డుల కొట్టుకు వెళుతుంది. తను పాడిన డిస్కో పాటనే ఎవరిదో అన్నట్టు అడుగుతుంది. ఆ పాటకి క్లబ్బుల్లో జనం ఒళ్లు మరిచి ఆడుతున్నారు. రికార్డు వేసిన కంపెనీ మాత్రం దాన్ని క్లబ్బుల్లో పాటలు వేసేవాళ్లకే ఊరికే పంచింది, కొట్లకు ఇవ్వలేదు. నలుగురూ అడిగితే కొట్లకూ ఇస్తారేమోనని ఆమె ఆశ. మొన్న ఒక ముసలి కొట్టాయన, "పేరు చెబితే నాకేం తెలుస్తుంది, కాస్త పాడు తల్లీ," అన్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని, తల దించుకుని, పల్లవి పాడింది.

"ఓ, అదా. రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అమ్మితేగా లెక్కకొచ్చేది, లెక్కకొస్తేగా హిట్ల జాబితాలో పడేది. పాపం, ఆ పాడినావిడ ఎవరో." ఆయన ఆమె వైపు చూసి నవ్వాడు. "అచ్చం ఆవిడలాగే పాడావే."

"అందరూ అదే అంటారండీ," అంది వెర్డెల్.

ఊరికే వెళ్లిపోతే బాగుండదని ఇంకెవరో పాడిన చిన్న రికార్డు ఒకటి కొనుక్కుంది. ముసలాయన దాన్ని ఆ వారం అమ్మకాల లెక్కలో రాసుకున్నాడు.