గోవిందమ్మ డబ్బాల్లో గింజలు

నాకొక రోగం ఉండాది. ఇంట్లో ప్రతి వస్తువునీ సర్ది, దానికొక చీటీ అంటించి, దాని చోట దాన్ని పెడితే గాని నాకు అన్నం సయించదు. పెళ్లికి ముందు నాలుగేండ్లు ధర్మవరంలో ఒక కొరియర్ ఆఫీసులో పని చేసినా. పట్టుచీరల పార్సిళ్లు దినామూ వందల్లో వస్తాండె. ఒక్కటంటే ఒక్కదాన్ని దారి తప్పనియ్యలేదు. "భాగ్యశ్రీ ఉంటే నాకు దిగుల్లేదప్పా" అని మా మేనేజరు అందరికీ చెప్తాండె. అట్లాంటిదాన్ని, చీటీ అంటే ఏందో తెలీని ఇంటికి కోడలిగా వచ్చి పడినా.

మా ఇల్లు హిందూపురంలో, పట్టుగూళ్ల మార్కెట్‌కి రెండు సందుల అవతల. మా అత్త పేరు గోవిందమ్మ. పుట్టింది ఆమడగూరు దిక్కు, మెట్ట సేద్యం ఇంట్లో. వానొస్తే చెనిక్కాయలు, రాకపోతే కూలి. ఈడికి కాపురానికొచ్చి, మొగుడు పోయి, ఒక్క కొడుకుతో మిగిలింది. ఆ ఏడు ఉగాదికి పక్కింటామె జ్వరంతో పడుకొని, "గోవిందమ్మా, మా పిల్లోళ్లకి నాలుగు ఓళిగలు తట్టియ్యవా" అంటే తట్టిచ్చిందంట. ఓళిగలంటే కోస్తా దిక్కు బొబ్బట్లే. మరుసటేడు ఐదిండ్లోళ్లు అడిగినారు. అట్లట్ల ముప్పై ఏండ్లు దాటింది. ఇప్పుడు ముప్పై నాలుగు ఇండ్లు. ఈ వీధిలో పుట్టి పెనుకొండకు, ధర్మవరానికి కాపురం పోయిన ఆడపిల్లలు సైతం ఉగాదికి ఈమె ఓళిగలే కావల్లంటారు.

ఆమెకి ఒకటే పద్ధతి. ఎవరి స్టీలు డబ్బా వాళ్లు పండగకి వారం ముందు తెచ్చియ్యల్ల. కందిబ్యాళ్ల పూర్ణానివా, టెంకాయ పూర్ణానివా, ఎన్ని అనేది నోటితో చెప్పిపోవల్ల. అంతే. కాగితం లేదు, పెన్ను లేదు.

పోయిన ఉగాదికి నేను ఈ ఇంట్లో లేను. కొత్త పెళ్లికూతుర్ని కదా, మొదటి పండగని మా అమ్మోళ్లింటికి పోయింటి. అప్పుడే రెండు డబ్బాలు తారుమారై, ఆ రెండిండ్లోళ్లూ మా గేటు ముందర అరుచుకున్నారంట. మా ఆయన శ్రీకాంత్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్నోడు, ఆ గలాటాకి లేసినాడు. ఆ కోపం ఏడాదైనా ఆరలేదు. ఈసారి మొదటి డబ్బా ఇంటికి రాగానే చెప్పేసినాడు.

"అమ్మా, ఇదే ఆఖరి మాట. ఈ ఉగాదికి ఒక్క డబ్బా అటూ ఇటూ అయినా సరే, ఆ పొయ్యి పీకి బయట పారేస్తా. అరవై ఐదేండ్లొచ్చినాయి నీకు. ఇంగ చాలు."

ఆయన పోయినాక అత్త నాతో అనింది. "భాగ్యా, మిగతా దినాలన్నీ నేనీ ఇంట్లో ఉన్నా లేనట్టే. ఈ నాలుగు దినాలే ఊరంతా నన్ను పేరుతో పిలుస్తాది. అది పోతే నాకేముండాది చెప్పు?"

నాకు పానం చివుక్కుమనింది. ఈసారి ఒక్కటీ తప్పు పోకుండా చూసుకునేది నా పూచీ అని ఆ నిమిషమే అనుకున్నా. కొరియర్‌లో నాలుగేండ్లు చేసింది ఏంటికి మరి?

కానీ ముందు ఆమె ఎట్ల గుర్తు పెట్టుకుంటాదో తెలుసుకోవల్ల కదా. వారమంతా ఆమె వెనకాలే తిరిగినా. ఎవరన్నా డబ్బా తెస్తే, మనిషి గేటు దగ్గర దగ్గినా చాలు, "రా ప్రమీలా" అంటాది. తలెత్తి చూసేది కూడా లేదు. డబ్బా తీసుకొని అంచు చుట్టూ వేళ్లతో తడుముతాది. చెవి దగ్గర పెట్టుకొని ఒకసారి ఆడిస్తాది. లోపల ఏదో గలగలమంటాది. తల ఊపి అటక కింద పెడతాది. చూసీ చూసీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆఖరికి అడిగేసినా.

"అత్తా, డబ్బా ఏంటికి ఆడిస్తావు?"

"పురుగూ పుట్రా ఉంటాదేమోనని."

"మరి గలగలమంటాదే?"

"నీకేంటికే అన్నీ? పోయి బెల్లం దంచు."

పండగ ఇంగ మూడు దినాలు ఉండాది. అత్త టెంకాయలు కొనేదానికి ప్రమీల చెయ్యి పట్టుకొని అంగడికి పోయింది. ప్రమీల మా పక్కింటామె, ఓళిగలు కాల్చేదానికి తోడొస్తాది. నేను అటక కింద డబ్బాలన్నీ ముందరేసుకొని మూతలు తీసినా. థూ! ఒక్కొక్క దాంట్లో రెండో మూడో నాలుగో చింతగింజలు, ఒక కందిగింజో లేదంటే టెంకాయ చిప్ప ముక్కో. కడిగి ఇచ్చే బుద్ధి కూడా లేదు ఈ జనాలకి అని తిట్టుకుంటా, ముప్పై నాలుగూ గింజలు దులిపి, సబ్బేసి తోమి, ఎండకి బోర్లించినా. గింజలన్నీ కసువులో పోసి మున్సిపాలిటీ బండికి ఇచ్చేసినా.

అంతటితో ఆగింటే కొంచెమైనా బాగుండు. డబ్బాల మీద పేర్లు కొట్టించింటారు కదా, వాటిని చూసి తెల్ల చీటీల మీద పెద్ద పెద్ద అచ్చరాలతో రాసి అంటించినా. కదిరప్ప, చెన్నకేశవులు, మళ్లా కదిరప్ప. నాకే ముచ్చటేసింది. కాకపోతే కదిరప్ప పేరుతో నాలుగు డబ్బాలున్నాయి. ఒకే ఇంటికి నాలుగు డబ్బాల ఓళిగలా, ఎంత తిండిపోతు మనిషో అనుకున్నా.

అత్త వచ్చి, మొదటి డబ్బా ఎత్తి ఆడించింది. శబ్దం లేదు. ఇంకోటి ఆడించింది. లేదు. మూడోది కింద పెట్టేసి, ఆడనే గోడకానుకొని కూలబడింది.

"గింజలేవే?"

"పారేసినా అత్తా. అంతా చెత్త."

"అన్నీనా?"

"అన్నీ. తోమి, పేర్లు కూడా అంటించినా చూడు."

ఆమె నా దిక్కు చూసింది. చూసింది అంటాండా గాని, నా చెవి పక్కనుండే గోడని చూసింది. "ఏం పేర్లే?"

చదివినా. కదిరప్ప నాలుగోసారి వచ్చేసరికి అంత దిగుల్లోనూ ఆమెకి నవ్వొచ్చింది. "ఓసి తిక్కదానా! అవి పెండ్లిండ్లలో చదివించినోళ్ల పేర్లు. కదిరప్ప ఊర్లో ప్రతి పెండ్లికీ డబ్బానే ఇచ్చినాడు. ఆయప్ప పోయి పదేండ్లాయె."

నా మొహం మాడిపోయింది. అప్పుడు చెప్పింది. ఒక చింతగింజకి పది ఓళిగలు. కందిగింజుంటే కందిబ్యాళ్లవి, చిప్ప ముక్కుంటే టెంకాయవి. నేను బండికిచ్చిన కసువు ఆ ముప్పై నాలుగిండ్ల లెక్క.

నాలుగేండ్లలో ఒక్క పార్సిల్ పోగొట్టనిదాన్ని, ఒక్క మధ్యాన్నంలో ఆమె బతుకు బండికెత్తినా. ఏడుపొచ్చింది.

"ఏడ్చింది చాలు గాని, నా పక్కన కూర్చో. ఒక్కొక్కటే అందియ్యి" అనింది. "ముందు ఆ కాగితాలు పీకెయ్, వేళ్లకి అడ్డమొస్తాండాయి."

అందిస్తా పోయినా. ఆమె అంచు తడిమి, నొక్కు తడిమి, మూత బిగువు చూసి చెప్తా పోయింది. "ఇది ప్రమీలది, ఇరవై, బ్యాళ్లవి. ఇది సుకన్యది, ముప్పై, బ్యాళ్లవి. ఇది ధర్మవరం పోతాది, నలభై, టెంకాయవి." ఏం జ్ఞాపకమమ్మా ఇది అని నోరెళ్లబెట్టుకొని రాసుకున్నా. ముప్పై మూడు గడగడా చెప్పేసింది. ఒక్కదాని దగ్గర ఆగింది. పెనుకొండ పుష్పావతి డబ్బా. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకొని ఆడించింది. మళ్లా ఆడించింది.

"ఇరవై... బ్యాళ్లవేలే" అనింది. ఆ "లే" నాకు నచ్చలేదు. కానీ ఏమని అడిగేది?

రెండు దినాలు ముగ్గురమూ పొయ్యి ముందరే. అత్త పూర్ణం ఉండని అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాది, పెనం మీద నెయ్యి చిటపట విని ఓళిగ తిప్పుతాది. ఒక్కటీ మాడలేదు. పండగ ముందుదినం పెనుకొండ, ధర్మవరం డబ్బాలు సంచుల్లో సర్దితే శ్రీకాంత్ రైల్లో తీసకపోయి ఇచ్చొచ్చినాడు. ఊరు దాటే డబ్బాల మూతల కింద నా ఫోన్ నంబరు చీటీ పెట్టినా. నా రోగం నన్ను ఊరుకోనియ్యదు కదా.

పండగ దినం మధ్యాన్నం దాకా ఎవరూ గలాటాకి రాలేదు. శ్రీకాంత్ కడుపారా తిని, "పర్వాలేదే అమ్మా, ఈసారి" అన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. అప్పుడు మోగింది నా ఫోను.

"పెనుకొండ నుంచి పుష్పావతినమ్మా. మేము టెంకాయవి చెప్పింటిమి. బ్యాళ్లవి వచ్చినాయి. మా అత్తకి బ్యాళ్లు పడవు, అందుకే..."

"అక్కా, ఎవరికీ ఫోన్ చెయ్యద్దు, నీకు దండం పెడతా. నేనే వస్తాండా" అని పెట్టేసి, మా ఇంటికని తీసిపెట్టుకున్న టెంకాయ ఓళిగలు పదహైదు కట్టుకున్నా. నా స్నేహితురాలు శ్రుతిని చూసొస్తానని మొగుడికి అబద్ధం చెప్పి, పెనుకొండ బస్సెక్కినా. దారంతా ఆ పొయ్యే కండ్ల ముందర. ఆమె తప్పు కాదు, నాది. ఆమె పొయ్యి నేను పీకేసినట్టే అని కుమిలిపోయినా.

పుష్పావతిది కొండ కింద వీధి. యాభై ఏండ్ల మనిషి. నన్ను చూడగానే, "అయ్యో, పండగ పూట ఇంత దూరమా!" అని మంచమేసింది. నేను కూర్చోలేదు. ఉన్నదంతా కక్కేసినా. కడిగింది, దులిపింది, మా ఆయన పెట్టిన షరతు, అన్నీ.

"తప్పు నాదక్కా. మా ఆయనకి తెలిస్తే ఆమెని ఇంగ పొయ్యి ముట్టియ్యనియ్యడు. నువ్వు గమ్మునుంటే చాలు."

"గింజలు పారేస్తివా? అయితే పాపం, ఆమె ఎట్ల చేసింది?"

"అన్నీ జ్ఞాపకం మీదే. ముప్పై ఏండ్ల గింజల పద్ధతి అక్కా, నేను ఒక్క దినంలో పాడు చేసినా."

పుష్పావతి నా దిక్కు వింతగా చూసింది. "ముప్పై ఏండ్లేంది? రెండేండ్లే కదా. గింజలు మేమే వేసి తెస్తాండాము. అంతకు ముందు డబ్బా చూస్తానే ఎవరిదో, ఏమి చెప్పినారో చెప్తాండె. తర్వాత ఒకరిది ఒకరికి ఇస్తాంటే మాకే అర్థమాయె. గింజలేసి తేండి, ఇదే పద్ధతి అని ఆమె చెప్తే, ఏంటికని మేమెవరూ అడగలేదు."

"ఏంటికి?"

"కనపడదు కదమ్మా ఆమెకి. మనిషి నిలబడింటే మసగ్గా తెలుస్తాది, అంతే. వీధంతటికీ తెలుసు." మెల్లిగా అడిగింది. "ఇంట్లో ఉండే మీకు తెలీదా?"

గోడని చూసిన ఆ చూపు, ప్రమీల చెయ్యి, అంచు తడిమే వేళ్లు, నెయ్యి చప్పుడు వినే చెవి. వారమంతా ఆమె వెనకాలే తిరిగి అన్నీ చూసినా, ఏదీ చూడలేదు.

పుష్పావతి ఓళిగలు తీసుకొని, డబ్బా కడిగి, తుడిచి, లోపల ఏవో వేసి మూత పెట్టిచ్చింది. "వచ్చే నెల మా కూతురు సుమ సీమంతం. ఇది మీ అత్త చేతికే ఇయ్యి."

నేను ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుండాది. అత్త అరుగు మీద కూర్చోనుండాది. పక్కనే శ్రీకాంత్. నేను చెప్పులు విడవకముందే, "భాగ్యా, యాడికి పోయింటివే?" అనింది. డబ్బా ఆమె చేతిలో పెట్టినా. అంచు తడిమింది. ఆడించింది. గలగలమనింది. మూత తీసి వేళ్లతో లెక్క పెట్టింది.

"ఐదు. చిప్ప ముక్క. యాభై, టెంకాయవి. పుష్పావతిది కదూ? మళ్లా అడిగిందా?" ఆమె గింజల్ని పిడికిట్లో పట్టుకుంది. "తప్పు పోయిండాదని తెలిసి కూడా అడిగిందా?"

ఆమెకి తెలుసు. ఆ "లే" అన్నప్పుడే తెలుసు.

"అడిగింది అత్తా" అని, నేను మొగుడి దిక్కు తిరిగినా. "అవును, ఒక డబ్బా తప్పు పోయింది. గింజలు పారేసింది నేను. పీకేదుంటే నన్ను పీకు. ఆ పొయ్యి జోలికి పోతే మర్యాదుండదు. ఇంకో మాట. మీ అమ్మకి రెండేండ్లుగా కండ్లు కనపడవు. మన కండ్లకేమైందో చెప్పు."

శ్రీకాంత్ వాళ్లమ్మ మొహం ముందర చెయ్యి ఆడించి చూసినాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోబోతే, ఆమె చెయ్యి జానెడు పక్కకి పోయింది. ఆయన ఆడనే నేల మీద కూర్చొని ఏడ్చినాడు.

"చెప్తే పొయ్యి పీకేస్తావని చెప్పలేదురా" అనింది ఆమె. "ఆపరేషనని కంటికి కత్తి పెట్టిస్తావని కూడా భయం."

"రేపే పోతాండాము ఆసుపత్రికి" అన్నా. "భయం గియం నా దగ్గర కుదరదు."

ఆమె నా దిక్కు చెయ్యి చాపింది. అంచు తడిమినట్టే నా గడ్డం, బుగ్గ, ముక్కు తడిమింది. నాకప్పుడు తెలిసొచ్చింది. మా పెండ్లై ఏడాదిన్నర.

"అత్తా, నేనెట్లుంటానో నీకు తెలుసా?"

"యాడ తెలుసే! పీటల మీద ఎర్ర చీర ఒకటి కనపడె, అంతే. చూడ ముచ్చటగా ఉంటాదని ఊరంతా అంటాండాది. నాకు నీ నోరొక్కటే తెలుసు." ముక్కు చీదుకొని, చీర కొంగుతో తుడుచుకుంది. "సరే, పోదాంలే. నా కోడల్ని నేనూ చూడల్ల కదా."